రేపు తిరిగే ఫ్యాన్

‘మనమే బాగుచేసుకుందాం’ అనే రేడియో కార్యక్రమానికి ఈ నెలతో పదేళ్లు నిండాయి. ఇప్పుడంటే ఊరంతా వింటోంది గానీ, మొదట్లో దాని గతి వేరు. పంపుల కంపెనీలో రిటైరైన మెకానిక్కుగారు కమ్యూనిటీ రేడియో గదిలో కూర్చుని, కారే కుళాయిల గురించీ, మొరాయించే ఇస్త్రీపెట్టెల గురించీ అరగంట సేపు చెప్పేవారు. ఎదురుగా ఉన్న ఫోను కిక్కురుమనేది కాదు. మూడు వారాలు చూసి స్టేషన్ ఇన్‌ఛార్జి మేడమ్ మెత్తగానే చెప్పేసింది. "ఈ బుధవారం కూడా ఒక్క ఫోనూ రాకపోతే ఆ అరగంటా పాటలు వేసుకుంటామండీ."

ముప్పై ఏళ్లపాటు మోటార్ల రొదలో మెకానిక్కుగారి మాట ఎవరికీ వినపడలేదు. ఇంట్లో సంగతి సరేసరి. తను చెప్పేది వినే మనిషి ఎక్కడో ఒకరుంటారన్న ఆశ కూడా పోతే ఇక మిగిలేది పేపరూ, పడక్కుర్చీనూ.

బుధవారం పొద్దున్నే కాఫీ తాగుతూ భార్యకు ప్లాను చెప్పారు.

"సరిగ్గా పదీ పదికి ఫోన్ చెయ్యి. ‘మా టేబుల్ ఫ్యాన్ తిరగట్లేదండీ, ఏం చెయ్యాలి’ అను. అంతే. నా భార్యవని మాత్రం చెప్పకు."

"నన్ను అబద్ధాలాడమంటారా?"

"అబద్ధమేముందే? మన ఫ్యాన్ నిజంగానే తిరగట్లేదుగా!"

"ఆహా, ఇన్నాళ్లకి ఒప్పుకున్నారు," అంది ఆవిడ, వంటింటి మూల దుమ్ము కొట్టుకుపోయిన ఫ్యాన్ వంక చూస్తూ.

అనుకున్న వేళకే ఫోన్ మోగింది. ఆవిడ అప్పజెప్పినట్టు అడిగింది. మెకానిక్కుగారు హాయిగా ఊపిరి పీల్చుకుని, "కండెన్సర్ పోయుంటుందమ్మా. కొత్తది వేస్తే సరి. పావుగంట పని," అన్నారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. రాక రాక వచ్చిన ఫోను కదా, కాస్త సాగదీద్దామనుకున్నారు.

"ఇంట్లో మీవారు చూడరామ్మా?"

"చూస్తారండీ. ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నారు. ఆయనా మెకానిక్కే. ఎప్పుడడిగినా రేపంటారు."

ఆయన గబుక్కున ఫోన్ పెట్టేశారు. పెట్టారో లేదో మళ్లీ మోగింది. ఈసారి ఎవరో రిటైరైన హెడ్మిస్ట్రెస్.

"ఎవరండీ ఆ మహానుభావుడు? పావుగంట పనికి ఎనిమిది నెలలా?"

"పాపం, ఆయనకేం ఇబ్బందులున్నాయో..."

"మీరు వెనకేసుకు రాకండి! ఇలాంటివాళ్లని బెంచీ ఎక్కించాలి."

ఆ తర్వాత ఒక బస్సు కండక్టరు, డ్యూటీ దిగాక తనే వెళ్లి ఫ్యాన్ బిగించి వస్తాననీ, ఆ అమ్మగారి అడ్రసు చెప్పమనీ పట్టుబట్టాడు. ఇంకొకావిడ, "మా ఆయన టైలరండీ. నా జాకెట్టు నిరుడు కత్తిరించి పెట్టాడు, ఇంకా కుట్టలేదు," అని బావురుమంది. మెకానిక్కుగారు చెమటలు తుడుచుకుంటూ, ఎవరో ఏమిటో తెలియనట్టే, ఆ ఫ్యాన్ ఇంటి భర్త తరఫున అందరినీ బతిమాలుతున్నారు. అద్దం అవతల మేడమ్ కన్నార్పకుండా చూస్తోంది. అంతలో మరో ఫోను.

"అల్లుడుగారూ, నేనే."

సాక్షాత్తూ అత్తగారు!

"నా కూతురి గొంతు నేను పోల్చుకోలేనా? పిచ్చిది, మీ పరువు కాపాడదామని ఎనిమిది నెలలంది. నిరుడు ఎండాకాలం నేనొచ్చినప్పుడే అది తిరగట్లేదు. ఏడాదిన్నర!"

మెకానిక్కుగారు కంగారులో ఫోనుకు బదులు మైకు కట్టేశారు.

ఇక తన కథ ముగిసిందనుకుని ఆయన సంచి సర్దుకున్నారు. మేడమ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"తప్పయిపోయిందమ్మా, ఆవిడ మా..."

"తెలిసింది లెండి. ఊరందరికీ తెలిసింది. ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, మా వాళ్లు ఎత్తలేక చస్తున్నారు. పాటలూ వద్దు, పాడూ వద్దు. వచ్చే బుధవారం మీ ఆవిడ్ని కూడా తీసుకురండి. ఆ ఫ్యాన్ సంగతి ఏమైందో అందరికీ కావాలట!"

మెకానిక్కుగారికి ఆనందం ఒకవైపు, సిగ్గు మరోవైపు. దారిలోనే కొత్త కండెన్సర్ కొన్నారు. ఇంటికొస్తూనే చొక్కా అయినా మార్చకుండా, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఫ్యాన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆవిడ పరుగున వచ్చి ఆ స్క్రూడ్రైవర్ లాక్కుంది.

"మతిగానీ పోయిందా మీకు? ఇది కాస్తా తిరిగిందంటే వచ్చే వారం ఏం మాట్లాడతాం?"

"మరెప్పుడు బాగుచెయ్యనే?"

"రేపు."

పదేళ్లుగా ఆ వంటింట్లోకి గాలి కిటికీలోంచే వస్తోంది.