ఆకలిగాడిద వాగులో పోయిన ఉంగరం

ఈ సంగతి విని మీరెంతైనా నవ్వుకోండి గానీ మా ఆవిడ నొరీన్ ఎదట మాత్రం నవ్వకండి. నవ్వితే మళ్ళీ మొదట్నుంచీ నా నోటితోనే చెప్పిస్తుంది.

మాది అమెరికాలో, ఐడహో కొండల్లో ఊరు. ఇంటికి మైలు దూరంలో ఆకలిగాడిద వాగు. ఏడాదికి ఆరు వారాలే అందులో డ్రెడ్జి నడుపుకోనిస్తారు. డ్రెడ్జి అంటే పెద్ద ఓడ అనుకునేరు. తెప్ప మీద ఓ ఇంజనూ, తొండం లాంటి గొట్టం, ఒక రేకు తొట్టీ, అంతే. నేను రబ్బరు బట్టలు తొడుక్కుని నీళ్ళల్లో బోర్లా పడుకుని ఆ గొట్టంతో అడుగునున్న ఇసకంతా పీల్పిస్తాను. తేలికది కొట్టుకుపోతుంది, బరువైనది తొట్టిలో పరిచిన తివాచీ ముక్కకి చిక్కుకుంటుంది. పన్నెండేళ్ళలో నాకు చిక్కినవి గాలాల సీసం గుళ్ళు, తుప్పు మేకులు. బంగారం కూడా ఉంటుంది, తుమ్మితే ఎగిరిపోయేంత.

"ఇల్లు ఊడవమంటే నడుం నొప్పి. వాగు అడుగు ఊడవడానికి మాత్రం ఏ నొప్పీ లేదు" అంటుంది నొరీన్.

ఆ ఆదివారం సాయంత్రం ఒడ్డెక్కి, గ్లవ్స్ ఊడబీకి బకెట్లో పడేసి, థర్మోస్ మూత తిప్పబోతూ చెయ్యి చూసుకున్నాను. వేలికి ఉంగరం లేదు. అది ఉండాల్సిన చోట తెల్లటి గీత ఉంది.

అది మామూలు ఉంగరం కాదండీ. మా మామగారు ఆర్విల్ ఈ వాగులోనే పళ్ళెంతో ఇసక కడిగి, రెండేళ్ళు నలుసు నలుసుగా కూడబెట్టి, స్వయంగా కరిగించి చేసింది. పెళ్ళినాడు నా చేతిలో పెట్టి, "అబ్బాయ్, దీన్ని వాగులోంచి పైకి తేవడానికి రెండేళ్ళు పట్టింది. మళ్ళీ వాగులోకి పంపావో, వెనకాలే నిన్నూ పంపుతాను" అన్నారు. కూతురికీ ఒకటి చేస్తానన్నారు గానీ ఈలోగా ఆయన మోకాళ్ళు పోయాయి. ఆయన పోయి మూడేళ్ళు. తండ్రి చేతిపని అని చెప్పుకోడానికి నొరీన్ కి మిగిలింది నా వేలికున్న ఆ ఒక్క ఉంగరమే.

చన్నీళ్ళకి వేళ్ళు సన్నబడతాయని డ్రెడ్జి పట్టినవాడికల్లా తెలుసు. "ఉంగరం తీసి కిటికీలో పెట్టి వెళ్ళు" అని ఆవిడ రోజూ చెబుతూనే ఉంది. నేను రోజూ "సరే" అంటూనే ఉన్నాను.

పొద్దు వాలేదాకా దేవులాడి ఇల్లు చేరాను. సీజన్ శనివారం సాయంత్రం నాలుక్కి ముగుస్తుంది. ఆ తర్వాత ఇంజను ముట్టుకోకూడదు. వసంతంలో మంచు కరిగి వరదొస్తే ఉంగరం సముద్రం దాకా పోతుంది. నాకు ఆరు రోజులుంది.

అందాకా వేలు బోసిగా ఉంటే ఎలా? గరాజులో కుళాయి సామాను డబ్బా బోర్లిస్తే, గొట్టాలు బిగించే ఇత్తడి రింగొకటి నా వేలికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. టూత్ పేస్టు పెట్టి తోమాను.

సోమవారం కాఫీ దగ్గర నొరీన్ నా చేతికేసి చూసింది.

"ఏంటీ, ఉంగరం తళతళలాడిపోతోంది?"

"ఇసక. తోమేసింది."

"ఇన్నేళ్ళూ తోమని ఇసక ఇవాళే తోమిందా?"

"ఈ ఏడు ఇసక మంచిది."

"ఊఁ. గరాజు తలుపు బాగుచేస్తానన్నావు?"

"వాగు పిలుస్తోంది నొరీన్."

"వెళ్ళు నాయనా, వెళ్ళు. గ్లవ్స్ ఉతికి తీగమీద ఆరేశాను, పట్టుకుపో."

తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని పోయాను.

మామూలుగా నేను మోకాలి లోతు తవ్వి, రాయి తగిలిందని చెప్పుకుని ఒడ్డెక్కి శాండ్విచ్ తినే రకం. ఈసారి అసలు రాతిదాకా దిగాను. బండ పగుళ్ళలో స్క్రూడ్రైవర్ పెట్టి గీకాను. పచ్చగా ఏదైనా మెరిస్తే చాలు, ప్రాణం లేచొచ్చేది. తీరా చూస్తే బంగారం. బఠాణీ గింజంత ఒకటి, పప్పుబద్దలంతవి నాలుగు. పన్నెండేళ్ళలో చూడనంత బంగారం కళ్ళబడుతుంటే, "ఛీ, ఇదీ కాదు" అని జామ్ సీసాలో పారేశాను. ఇంటికెళ్ళి సీసా వంటింటి బల్లమీద పడేసి, తినకుండా పడుకునేవాణ్ణి. కళ్ళు మూస్తే మామగారు వాగు ఒడ్డున నిలబడి కనిపించేవారు.

బుధవారం లాయిడ్ వచ్చాడు. మా డ్రెడ్జివాళ్ళ క్లబ్బులో నా పాత నేస్తం. అతని గొట్టం రెండంగుళాలే, నోరు మాత్రం ఊరంత.

"ఎల్డన్, మూడ్రోజులుగా ఒకే గోతిలో ఉన్నావు. ఏముందక్కడ?"

"ఏమీ లేదు లాయిడ్."

అదే నేను చేసిన తప్పు. మా వాళ్ళలో ఏమీ దొరకనివాడు "బాగానే ఉంది" అంటాడు. "ఏమీ లేదు" అన్నాడంటే అక్కడ గనే ఉందన్నమాట. శుక్రవారానికల్లా నాకు ఎగువన ఎనిమిది డ్రెడ్జిలు దిగాయి. వాళ్ళు లేపిన బురదంతా నా గోతిలోకే. నా చెయ్యి నాకు కనబడదు. ఎవడో ఒకడు "దొరికింది!" అని అరవడం, నేను నీళ్ళలోంచి బుస్సున లేవడం, చూస్తే బీరు డబ్బా మూత. నిజం చెప్పి సాయమడుగుదామంటే, లాయిడ్ పెళ్ళాం రోజూ సాయంత్రం ఫోన్లో మా ఆవిడతోనే మాట్లాడుతుంది. కక్కలేను, మింగలేను. పైగా ఆ ఇత్తడి రింగు వేలికి బిగుసుకుపోయింది.

శనివారం సీజన్ ముగింపు. ఆడవాళ్ళంతా బీన్స్ గిన్నెలూ, హకిల్ బెర్రీ పళ్ళు కూరి కాల్చిన పైలూ పట్టుకుని వాగొడ్డుకి వచ్చారు. నొరీన్ క్లబ్బు సెక్రటరీ. నాలుగింటికి ఈల ఊదింది. ఇంజన్లన్నీ ఆగాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఎల్డన్, గ్లవ్ తియ్యి. చెయ్యి చూపించు" అంది నొరీన్.

తీశాను. వేలు కణుపు దాకా ఆకుపచ్చగా ఉంది.

"బంగారం చిగురేసినట్టుందే!" అంది. అందరూ గొల్లుమన్నారు.

ఇక నావల్ల కాలేదు. "నొరీన్, పోగొట్టేశాను. మీ నాన్నగారి ఉంగరం... ఆదివారమే పోయింది. ఆరు రోజులుగా రాళ్ళన్నీ గీకాను. లేదు" అన్నాను.

ఆవిడ మెళ్ళోని గొలుసు పైకి లాగింది. చివర వేలాడుతోంది ఉంగరం.

"ఆదివారం నీ గ్లవ్ తిరగేసి ఉతుకుతుంటే సింకులో టంగుమంది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను. సోమవారం కాఫీ దగ్గరే చెబుతావనుకున్నా. నువ్వేమో కుళాయి సామాను తొడుక్కొచ్చావు."

"ఆరు రోజులు, నొరీన్!"

"మొదట మహా కోపమొచ్చింది. గురువారం కూడా నువ్వు తినకుండా పడుకునేసరికి జాలేసి చెప్పేద్దామనుకున్నా. అప్పుడే ఆ జామ్ సీసా చూశాను."

అని క్లబ్బు పుస్తకం తెరిచి చదివింది: "ఏడో రూలు. వాగులో పోయిన వస్తువును వెతికి ఇచ్చినవారికి, పోయిన రోజు నుంచి ఇచ్చిన రోజు వరకు పోగొట్టుకున్నవారికి దొరికిన బంగారమంతా చెందును."

లాయిడ్ పెట్టుడు పళ్ళు వాగులో పోయిన ఏడాది చేసిన రూలది. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. ఆ పళ్ళు దొరికింది నాకు మరి.

"వాగులో ఎక్కడ పోయింది? గ్లవ్ లో కదా పోయింది!" అన్నాను.

"అలాగా? మరి ఆరు రోజులు వాగంతా గీకిందెవరు?"

లాయిడ్ చప్పట్లు కొట్టాడు. తర్వాత తనే రేకుల కత్తెర తెచ్చి నా వేలిమీది ఇత్తడి రింగు కత్తిరించాడు. నొరీన్ అసలు ఉంగరం తొడిగి, వేలు వదలకుండా, "మళ్ళీ వాగులోకి పంపావో, వెనకాలే నిన్నూ పంపుతాను" అంది. కళ్ళు తుడుచుకుంటూనే అంది.

ఆ సీసాలో బంగారం ఇప్పుడు ఆవిడ వేలికుంది. మామగారు చేస్తానన్న రెండో ఉంగరం అన్నమాట, నాదానికంటే లావు కూడా. ఇకపోతే గ్లవ్స్ నేనే ఉతుక్కుంటున్నాను. తిరగేసి మరీ.