ఇరుపక్షాల అంగీకారంతో

శనివారం ఉదయానికి రీస్ కోవాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా ఐస్ హాకీ ఆడే రింకుకు చేరుకోవడం, మేనేజరు పెల్టియర్ గదిలో ఒక కాగితం మీద సంతకం పెట్టడం, జట్టువాళ్లు రాకముందే బ్యాగు తీసుకుని జారుకోవడం, రాత్రికి టొరంటోలో జ్యూరిక్ విమానం ఎక్కడం. అమ్మకు మాత్రం అక్కడ దిగాక ఫోన్ చేస్తాడు. మధ్యలో ఒక సముద్రం ఉంటే కొన్ని మాటలు తేలిగ్గా బయటికొస్తాయని అతని నమ్మకం.

రీస్‌కు ఇరవైనాలుగేళ్లు. మూడేళ్లుగా హార్లన్ ఫాల్స్ అనే ఈ చిన్న ఊళ్లో చిన్న జట్టుకు హాకీ ఆడుతున్నాడు. దీన్ని పోషించే పెద్ద జట్టు మూడు గంటల దూరంలోని నగరంలో ఉంది. అక్కడ ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే ఇక్కణ్ణుంచి ఒకణ్ణి పిలిపిస్తారు. ఈ మూడేళ్లలో పదహారుమందిని పిలిపించారు. రీస్ ప్రతిసారీ వెళ్లేవాడి భుజం తట్టి, నవ్వి, ఇంటికెళ్లి ఆ రాత్రి అన్నం మానేసేవాడు. ఆఖరికి స్విట్జర్లాండ్‌లో ఒక క్లబ్బు రమ్మంది. కాని ఇక్కడి ఒప్పందం ఇంకా ఏడాదిన్నర ఉంది, వదిలెయ్యమని అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది.

అప్పుడు అతని ఏజెంటు రంగంలోకి దిగాడు. పెల్టియర్ దగ్గరికెళ్లి, మావాడు పాపం నోరు తెరిచి అడగలేడు, మీరే పెద్ద మనసు చేసుకోండి అన్నాడు. రీస్ దగ్గరికొచ్చి, వాళ్లు పాపం నోరు తెరిచి చెప్పలేకపోతున్నారు, నువ్వే పెద్ద మనసు చేసుకో అన్నాడు. ఇద్దరూ ఎదుటివాడి మంచితనానికి కరిగిపోయారు. ఒప్పందం ఇరుపక్షాల అంగీకారంతో రద్దవుతున్నట్టు కాగితం తయారైంది.

సంతకం అయిదు నిమిషాల్లో అయిపోయింది. పెల్టియర్ ఒక్కటే షరతు పెట్టాడు. మధ్యాహ్నం పన్నెండింటికి, ఒప్పందం రద్దయినవాళ్ల పేర్లుండే విడుదల జాబితా బయటికొచ్చేదాకా ఈ సంగతి ఎవరితోనూ అనకూడదు. ఆ తర్వాత ఇరవైనాలుగు గంటలపాటు మిగతా జట్లలో ఏదైనా అతణ్ణి కావాలనుకుంటే తీసుకోవచ్చు, అప్పుడిక స్విట్జర్లాండ్ లేనట్టే.

"అలా ఎవరూ అడగరులే, నువ్వేం కంగారుపడకు," అని ఓదార్చాడు కూడా.

రీస్ డ్రెస్సింగ్ రూముకు వచ్చేసరికి అతని బ్యాగు తలుపు పక్కన సిద్ధంగా ఉంది. సామాన్లు చూసే గస్, పెల్టియర్ చెవిన వేయగానే, దాన్ని స్వయంగా సర్ది, జిప్పు వేసి, పక్కన అరడజను కొత్త స్టిక్కులు కట్ట కట్టి పెట్టాడు. అసలు కొంప మునిగింది అక్కడే. హార్లన్ ఫాల్స్‌లో ఎవడి బ్యాగు వాడే సర్దుకోవాలి. ఉద్వాసన అయినవాడి సామాను నల్లటి చెత్త సంచిలో వెళుతుంది. గస్ తన చేత్తో బ్యాగు సర్దాడంటే దానికి ఒక్కటే అర్థం, పెద్ద జట్టు పిలిచిందని. ముప్పై ఏళ్లుగా ఈ ఆచారం తప్పని మనిషి, రీస్ అంటే ఉన్న ప్రేమ కొద్దీ ఈ ఒక్కసారికి తప్పాడు.

మోకాలికి కట్టు కట్టించుకుందామని కెప్టెన్ ఓలీ ఆ రోజు అందరికంటే ముందే వచ్చాడు. బ్యాగు చూశాడు. స్టిక్కులు చూశాడు. కుంటుకుంటూ వచ్చి రీస్‌ను గట్టిగా కావలించుకున్నాడు.

"పిలిచారన్నమాట, కోవీ," అన్నాడు, జట్టులో అందరూ పిలిచే ముద్దుపేరుతో.

"అది కాదు ఓలీ..."

"ఏం చెప్పకు. మధ్యాహ్నం దాకా నోరు విప్పొద్దని నీకు చెప్పి ఉంటారు. చెప్పారా లేదా?"

"చెప్పారు."

"మరింకేం."

ఓలీకి ముప్పైమూడేళ్లు. పదకొండేళ్లుగా ఆడుతున్నా అతణ్ణి ఎవరూ పిలవలేదు. అలాంటివాడు ఇప్పుడు కళ్లు తుడుచుకుంటుంటే రీస్ తల వంచుకుని బ్యాగు పట్టీ సవరించసాగాడు. ఆ తల వంచుకోవడాన్ని అందరూ వినయం కింద జమకట్టారు. ఎనిమిదిన్నరకల్లా పదిహేనుమంది చేరి స్టిక్కులతో నేలమీద దరువు వేస్తున్నారు. ఆ గోల విని పెల్టియర్ బయటికొచ్చాడు. వెళ్లిపోయేవాడికి ఇంత ఘనంగా వీడ్కోలు ఇస్తున్నారనుకుని అతని గుండె నిండిపోయింది. రీస్ చెయ్యి పట్టుకుని ఊపి, ఇంత గౌరవంగా ఎవరినీ పంపలేదయ్యా అన్నాడు. దాంతో ఎవరికైనా మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. ఓలీ భార్య ఆ శుభవార్తను, అతను పంపిన ఫోటోతో సహా ఇంటర్నెట్‌లో పెట్టి లోకానికి చాటింది.

పదిన్నరకు అమ్మ ఫోన్ చేసింది. డార్లీన్ కోవాల్ ఉత్తర ఒంటారియోలో కిర్బీ లేక్ అనే ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. రీస్ చిన్నప్పుడు పదకొండేళ్లపాటు, మైనస్ ముప్పై డిగ్రీల చలిలో, తెల్లవారుజామున ప్రాక్టీసుకు తీసుకెళ్లింది ఆవిడే. కొడుకు ఒక్క రాత్రయినా పెద్ద జట్టులో ఆడితే కళ్లారా చూడాలన్నదే ఆవిడకున్న ఒకే ఒక్క కోరికని రీస్‌కు తెలుసు. ఆ కోరికను పొద్దున్నే సంతకం పెట్టి మరీ రద్దు చేసి వచ్చాడు.

"ఒరేయ్, నీ నోటితో చెప్పకుండా ఊళ్లోవాళ్ల నోటితో వినాలట్రా నేను?"

"అమ్మా, అసలు సంగతేమిటంటే..."

"మధ్యాహ్నం దాకా చెప్పకూడదటగా. సరేలే. ఇరవైఏడుమంది బస్సెక్కి కూచున్నారు. రాత్రి ఆటకు టిక్కెట్లు కొనేశాం. నేరుగా నగరానికే వస్తున్నాం. నేను బండి నడుపుతూ ఫోన్ ముట్టనని నీకు తెలుసుగా."

అంతే, ఫోన్ పెట్టేసింది. బస్సు యజమానికి చెబుదామంటే ఆయన కూడా ఆ బస్సులోనే ఉన్నాడని, మూతికి ఈల తగిలించుకున్నాడని, ఫోన్ చేస్తే అమ్మ పక్కింటి ముసలమ్మ చెప్పింది.

రీస్ విమానం సంగతి వదిలేసి నగరం వైపు కారు తిప్పాడు. పన్నెండింటికి జాబితా వచ్చింది. మరుక్షణం నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఓలీ గస్‌ను నానా మాటలూ అన్నాడట. గస్ ఏడ్చాడట. పెల్టియర్ మాత్రం, ఇరుపక్షాల అంగీకారంతోనే కదా, ఎందుకింత గొడవ అని తలుపేసుకున్నాడట.

నాలుగున్నరకు పసుపుపచ్చ స్కూలు బస్సు స్టేడియం ముందు ఆగింది. పక్కన దుప్పటంత బ్యానరు మీద రీస్ మొహం ఉంది. ఊరంతా ఈలలు ఊదుతూ దిగింది. రీస్ వాళ్లను దాటుకుని బస్సెక్కి డ్రైవరు సీటు పక్కన నిలబడి, ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు గనక మొత్తం చెప్పేశాడు. పిలుపు లేదు, ఒప్పందమే లేదు, ఇరుపక్షాల అంగీకారంతో అంతా అయిపోయింది.

డార్లీన్ ఇంజను ఆపింది.

"మీ నాన్నా నేనూ కూడా విడాకుల కాగితం మీద అలాగే రాశాం. అంగీకరించింది మాత్రం నేనొక్కదాన్నే. నిజం చెప్పు, నిన్ను గెంటేశారా?"

"లేదమ్మా. నేనే వెళ్లిపోతానన్నాను. ఆట మీద విరక్తి కాదు, ఎదురుచూసీ చూసీ విసుగొచ్చింది. నువ్వు బాధపడతావనే ఇన్నాళ్లూ ఉన్నాను."

ఆవిడ చేతి తొడుగులు విప్పి స్టీరింగు పక్కన పెట్టింది. తల్లిని చేతులారా ఏడిపించాననుకుని రీస్ జేబులో రుమాలు వెతికాడు. కాని ఆవిడ ఏడవలేదు.

"నాకు హాకీ అంటే పడదురా," అంది. "ఆ చలీ, ఆ కేకలూ. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. నువ్వు నా కోసం ఆడుతున్నావని తెలుసు. ఎలా మానిపించాలో తెలీక వస్తూపోతూ ఉన్నాను."

"మరి ఆ బ్యానరు?"

"ఊళ్లోవాళ్లు ఎప్పుడో చేయించి పెట్టుకున్నారు. నా మొహం చూసి. వాళ్లలో సగంమందికి ఫుట్‌బాల్ ఇష్టం."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో రీస్‌కు కన్నీళ్లు కూడా వచ్చాయి, ఇన్నేళ్ల బరువు దిగితే రావా మరి. కొన్న టిక్కెట్లు పోగొట్టుకోవడం ఇష్టంలేక ఊరంతా లోపలికెళ్లి, రీస్‌ను పిలవని పాపానికి అవతలి జట్టుకు ఈలలు వేసింది. తల్లీకొడుకులు బస్సులోనే హీటరు వేసుకుని శాండ్‌విచ్‌లు తిన్నారు. ఇద్దరిలో ఎవరికీ స్కోరు చూడాలనిపించలేదు.

రీస్ విమానం టిక్కెట్టు మార్చుకుని, కారు నగరంలోనే వదిలేశాడు. మర్నాడు డార్లీన్ అతణ్ణి దింపడానికి బస్సును టొరంటో విమానాశ్రయం మీదుగా తిప్పింది. సరిగ్గా పన్నెండుంపావుకు ఏజెంటు ఫోన్ చేశాడు. గడువు ముగిసింది, ఏ జట్టూ రీస్‌ను అడగలేదు, ఇక దారి సాఫీ అన్నాడు. రీస్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. డార్లీన్ బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపి, ఇన్ని జట్లలో ఒక్కడికైనా హాకీ గురించి ఓనమాలు తెలిసి ఏడిస్తేగా అని మండిపడింది.