కాలు ఎంత శాతం చచ్చింది?

మనిషి కాలు ఎంత చచ్చిందో ఆ మనిషికన్నా ప్రభుత్వానికే బాగా తెలుసు. ఈ జ్ఞానాన్ని మాజీ సైనికులకు పంచడానికే దిల్‌సుఖ్‌నగర్‌లో కాళ్ల నరాల శాత నిర్ణయ బోర్డు వెలిసింది.

ఎల్‌బీ నగర్‌లో ఉండే మాజీ హవల్దార్ సుందరయ్యకు సరిహద్దులో బంకరు కూలి కుడికాలి నరాలు దెబ్బతిన్నాయి. మోకాలి కింద స్పర్శ లేదు. చెప్పు ఊడిపోయినా తెలియదు. రోజూ సాయంత్రం భార్య ఎలీశమ్మ ఆయన అరికాలు ఒళ్లో పెట్టుకుని ముళ్లూ గాజుపెంకులూ వెతికి తీస్తుంది.

నలభై శాతం వైకల్యమని సైన్యం పింఛను ఇచ్చింది. ఇరవైకి తగ్గితే అది ఆగిపోతుంది. తగ్గిందేమో చూద్దామని బోర్డు పిలిచింది. తోడెవరినీ తేకూడదు (కాలు సొంతంగా మాట్లాడాలి). రాకపోతే కాలు బాగైనట్టే లెక్క.

ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. సుందరయ్య కర్ర పట్టుకుని బయలుదేరాడు. కొత్తపేట దగ్గర రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. జెండా పట్టుకున్న యువకుడొకడు ఆపాడు.

"ఏడికి పోతున్నవ్ పెద్దాయనా? ఇయ్యాల అన్నీ బందే గద!"

"బోర్డు బంద్ లేదంట బిడ్డా. నడవలేనని చెప్పనీకి నడిచి పోతున్న."

యువకుడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

బోర్డు అధ్యక్షుడు గంగాధరరావు కుర్చీలోంచి లేచి మరీ ఆహ్వానించాడు.

"ఎలా వచ్చారండీ?"

"నడుసుకుంట వచ్చిన సార్. తొవ్వల కూలవడ్డ గూడ."

"నడిచారా! ఎంత శుభవార్త చెప్పారండీ!" ఆనందంతో నలభై కొట్టేసి పదిహేను వేశాడు. (పడిపోయినంతసేపు నడవలేదు కాబట్టి ఆ పదిహేనైనా మిగిలింది.)

"సార్, కాల్ల పానమే లేదు. జర చూడుండ్రి..."

ఇంతలో అటెండరు అంతయ్య కేక వేశాడు. "అన్నా, గా నెత్తురేంది?"

గుమ్మం నుంచి కుర్చీ దాకా ఎర్రటి అడుగులు. చెప్పు దారిలోనే జారిపోయింది. అరికాల్లో కాలిన టైరు తీగ దిగి ఉంది. సుందరయ్య వంగి చూసుకున్నాడు.

"ఎలీశకు ఏమని చెప్పాలె?"

గంగాధరరావు కళ్లద్దాలు సవరించుకుని పరిశీలించాడు. "ఇది సైన్యంలో తగిలింది కాదండీ. బంద్‌లో తగిలింది. మా పరిధిలోకి రాదు. పోనీ, నొప్పిగా ఉందా?"

"లేదు సార్."

"మరింకేమండీ!"

పింఛను ఆగిపోయింది. అయితే బోర్డుకు దయ లేదనడం అన్యాయం. ఆ కాలికి నొప్పి తెలిసిన రోజున మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చని సెలవిచ్చింది.