వెయిటింగ్ లిస్టు వల్ల కలిగే మేళ్ళు

అమెరికా వచ్చిన మనవాళ్ళు ఎంతసేపూ గ్రీన్‌కార్డ్ గురించే మాట్లాడతారు. నన్నడిగితే ఈ దేశం మనిషికి ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికంటే గొప్పది వెయిటింగ్ లిస్టులో ఒక నంబరు!

నవ్వుతున్నారా? ఒకసారి మా మోరిస్‌విల్ వచ్చి లీలావతిగారిని చూడండి. వాళ్ళబ్బాయి వినీత్‌కి ఆ భాగ్యం పన్నెండేళ్ళుగా ఉంది.

వినీత్‌కి ఇరవై నాలుగేళ్ళు. వీల్‌చెయిర్‌లో ఉంటాడు. వచ్చిన మాటలు నాలుగైదు, నవ్వు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. అన్నం తినిపించాలి, స్నానం చేయించాలి, రాత్రి రెండుసార్లు లేచి పక్కకి తిప్పాలి. ఇలాంటివాళ్ళ కోసం ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఇళ్ళున్నాయి, వాటిలో గది కోసమే ఈ లిస్టు. లీలావతిగారింటికి రెండు వీధుల అవతలే ఒకటి ఉంది. అందులో నలుగురుంటారు. తలుపులు వెడల్పుగా ఉంటాయి. మనిషిని మంచం మీంచి ఎత్తి కుర్చీలో దింపే లిఫ్టు పైకప్పుకే బిగించి ఉంటుంది. కనిపెట్టుకుని ఉండడానికి పగలూ రాత్రీ మనుషులుంటారు. సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఆ ఇంటిముందు ఆగి, షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగి, కిటికీల్లోంచి లోపలికి చూసేవారు. ఆవిడవి లేసుల్లేని చెప్పులు.

ఇక మేళ్ళు చెబుతాను, వినండి.

ప్రతి ఏడాదీ ఆ లిస్టు చూసే గవర్నమెంటు ఆఫీసునుంచి ఉత్తరం వస్తుంది. ‘మీకు ఇంకా ఆసక్తి ఉందా? ముప్పై రోజుల్లో తెలపండి, లేకపోతే పేరు తీసేస్తాం.’ పన్నెండేళ్ళపాటు ఒక్క ఏడాది కూడా మరిచిపోకుండా మిమ్మల్ని తలుచుకున్న బంధువు ఎవరైనా ఉన్నారా? సొంత ఆడపడుచు ఉందా?

పైగా ఆ ప్రశ్నలో ఎంత మర్యాద! ఈ ఏడాది మీ అబ్బాయి లేచి నడిచేశాడేమోనన్న మంచి ఆశ ఉంది చూశారూ, అది మన చుట్టాలకి రమ్మన్నా రాదు.

నాలుగేళ్ళ కిందట ఆఫీసునుంచి డెనీస్ అనే ఆవిడ వినీత్‌ని చూడడానికి వచ్చింది. ఎవరి అవసరం ఎంతో మార్కులు వేసి, దాన్నిబట్టి లిస్టులో వరుస తేలుస్తారు. మరి ఆఫీసరమ్మ ఇంటికొస్తోందంటే మనవాళ్ళు ఏం చేస్తారు? లీలావతిగారు పొద్దున్నే లేచి ఇల్లంతా వాక్యూమ్ చేశారు. వినీత్‌కి ఇస్త్రీ చొక్కా వేసి, పాపిడి తీసి దువ్వారు. జీడిపప్పు ఉప్మా, ఫిల్టర్ కాఫీ సిద్ధం చేశారు. అచ్చం పెళ్ళిచూపులే! పెళ్ళిచూపుల్లో పిల్లకి పాటొచ్చా అని అడిగితే, రాదని చెప్పిన తల్లిని మీరెప్పుడైనా చూశారా?

“సొంతంగా తింటాడా?” అని అడిగింది డెనీస్.

“స్పూన్ చక్కగా పట్టుకుంటాడు” అన్నారు లీలావతిగారు. పట్టుకున్న తరవాత ఏమవుతుందో ఆవిడ అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

“స్నానం?”

“చాలా కోఆపరేట్ చేస్తాడు.”

“రాత్రిపూట?”

“బంగారంలా పడుకుంటాడు.” లేచేది ఎవరో ఎవరూ అడగలేదు కదా!

డెనీస్ ఉప్మా మెచ్చుకుని వెళ్ళింది. నెల తిరగకుండా ఉత్తరం వచ్చింది. వినీత్ అవసరం ‘తక్కువ’ అని తేల్చి, లిస్టులో ఎక్కడో అడుగుకి దింపారు. లీలావతిగారు ముందు సంతోషించారు కూడా. గవర్నమెంటే రాసిచ్చింది, మనవాడు బాగున్నాడని!

“వాణ్ణి జాబ్ ఇంటర్వ్యూకి తయారుచేశావు లీలా” అన్నారు భర్త పరంధామయ్యగారు, ఉత్తరం మడిచి. “ఇది ఫెయిలవ్వాల్సిన పరీక్ష.”

“ఏం చేయమంటారు? వాడి ఎదురుగా కూర్చుని వాడికేమీ చేతకాదని చెప్పనా? అలాంటి మాటలు నోటితో అనకూడదండీ. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు.”

“ఈ ఊళ్ళో ఆ దేవతలు పైన తిరగరు, ఆఫీసులో కూర్చుంటారు. బాగున్నాడన్నావు, తథాస్తు అన్నారు.”

ఈ ఏడాది ఫిబ్రవరిలో తెలిసింది, ఆ రెండు వీధుల అవతలి ఇంట్లో ఎండాకాలానికి ఒక గది ఖాళీ అవుతోందని. పరంధామయ్యగారు ఫోన్ల మీద ఫోన్లు చేసి, వినీత్‌ని మళ్ళీ చూడడానికి ఒప్పించారు. తప్పిపోతే ఇంకో గది ఎప్పుడు ఖాళీ అవుతుందో, ఏ ఊళ్ళో అవుతుందో చెప్పేవాళ్ళు లేరు.

చూశారా, వెయిటింగ్ లిస్టు వల్ల దంపతుల మధ్య సంభాషణ ఎలా పెరుగుతుందో? రోజూ డిన్నర్ అవగానే రిహార్సల్స్. ఆయన డెనీస్.

“చొక్కా గుండీలు పెట్టుకుంటాడా?”

“ట్రై చేస్తాడు.”

“ట్రై వద్దు. అవునా, కాదా?”

“కాదు” అని, వెంటనే చెంపలు వేసుకునేవారు లీలావతిగారు.

“డెనీస్ ముందు ఆ చెంపలు మానెయ్. ఉప్మా కూడా వద్దు.”

“ఇంటికొచ్చిన మనిషికి ఉప్మా పెట్టకుండా పంపిస్తే, గది వచ్చినా అచ్చిరాదు.”

డెనీస్ వచ్చే రోజు పొద్దున వినీత్‌కి ఉతికిన పాత టీషర్టు వేశారు. దువ్వకూడదనుకున్నారు, కారు ఆగిన చప్పుడు వినగానే చెయ్యి ఆగక దువ్వేశారు. కుర్చీ ముందు కూర్చుని, “నాన్నా, ఇవాళ నీ మీద నాలుగు చాడీలు చెబుతాను. కోపం తెచ్చుకోకు. అవేవీ నిజంగా నువ్వు కాదు” అన్నారు. వాడు పడీపడీ నవ్వాడు.

అప్పుడు చెప్పారు. ఒక పూట అన్నానికి గంటంబావు పడుతుందని. పొలమారితే వీపు ఎలా నిమరాలో, ఎక్కడ తట్టాలో. స్నానానికి ఇద్దరు కావాలని. రాత్రి తిప్పకపోతే ఒళ్ళు పుండు పడుతుందని. ఒక్కొక్కటీ చెబుతున్నప్పుడు వాడి మొహం చూడలేక గోడమీద క్యాలెండర్ చూస్తూ చెప్పారు. డెనీస్ పెన్ను ఆగకుండా నడిచింది. వినీత్ మాత్రం డెనీస్ చెవుల లోలాకులు ఊగినప్పుడల్లా నవ్వుతున్నాడు.

చివరికి డెనీస్ పేజీ తిప్పింది. “మరి మీ ఆరోగ్యం ఎలా ఉంది?”

“నాకేం, బాగానే ఉన్నాను” అన్నారు లీలావతిగారు. ఎన్నేళ్ళ అలవాటు! ఇది రిహార్సల్స్‌లో లేదు.

పరంధామయ్యగారు దగ్గారు. ఆవిడ అటు చూడలేదు. ఆయన లేచి లోపలికి వెళ్ళి, గంట ముందు ఆవిడ విప్పి దిండు కింద దాచిన నడుం బెల్టు తెచ్చి, ఉప్మా ప్లేటు పక్కన పెట్టారు. వినీత్‌ని ఎత్తీ దించీ మూడేళ్ళుగా ఆవిడ నడుముని నిలబెడుతున్నది అదే.

“ఎవరిదిది?” అంది డెనీస్.

“మా ఆయనది” అన్నారు లీలావతిగారు.

డెనీస్ బెల్టుని చూసింది. పరంధామయ్యగారి పొట్టని చూసింది. ఆ బెల్టు దాన్ని సగం కూడా చుట్టి రాదు. చిన్నగా నవ్వుకుని ఏదో రాసుకుంది. ఈసారి ఉప్మా మారు అడిగి పెట్టించుకుంది.

ఉత్తరం వచ్చింది. అడుగునుంచి వినీత్ ఏకంగా రెండో వరుసకి ఎక్కాడు! మొదటి వరుసకి ఎక్కాలంటే, చూసుకునే మనిషి చనిపోవాలి, లేదా మంచాన పడాలి. గది ఇంకో కుర్రాడికి వచ్చింది. వాళ్ళమ్మ మెట్లమీంచి పడి తుంటి విరగ్గొట్టుకుందట.

ఆ కుర్రాడు చేరిన వారానికి లీలావతిగారు పులిహోర పట్టుకుని వెళ్ళారు. ఎట్టకేలకి ఆ ఇల్లు లోపలినుంచి చూశారు. తిరిగొచ్చి, “పడమటి కిటికీ అండీ. మనవాడికి సాయంత్రం ఎండంటే ఇష్టం కదా” అన్నారు. పులిహోర గిన్నె సింకులో పెడుతూ, “నేను పోతే మర్నాడే వాడికి గది ఇస్తారన్నమాట” అన్నారు.

“అవేం మాటలు? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు” అన్నారు పరంధామయ్యగారు.

“అది కాదండీ. ఏ పక్కకి తిప్పితే నవ్వుతాడో, ఎలా తినిపిస్తే మింగుతాడో నేను పక్కనుండి వాళ్ళకి నేర్పొద్దూ? అప్పుడు ఎవరు చెబుతారు?”

కాబట్టి పాఠకులారా, ప్రభుత్వాన్ని తప్పుపట్టకండి. పిల్లల పెళ్ళిళ్ళు చూడాలని, మనవల్ని ఎత్తుకోవాలని మనమంతా ఆయుష్షు కోరుకుంటాం. తల్లి నిక్షేపంగా ఉన్నంతకాలం గది అక్కర్లేదని, మీరు నిక్షేపంగా ఉండండని ఏటేటా ఉత్తరం రాసి దీవించే ప్రభుత్వం ఇంకెక్కడుంది?

మొన్న శనివారం ఇండియన్ స్టోర్స్‌లో కరివేపాకు దగ్గర లీలావతిగారు కనిపించారు. ఎలా ఉన్నారని అడిగాను.

ఆవిడ అటూ ఇటూ చూశారు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

“బాగానే ఉన్నానండీ. ఎక్కడా అనకండి.”