మెడలోతు దీక్ష

"నీళ్లు దించితే గుడ్లన్నీ ఒడ్డున పడి ఎండుతయి. ఎన్నిసార్లు చెప్పాలె?" అంది ఊర్మిల, అన్నం కుండ దించుతూ. ఆ పూటకు ఇది ఏడోసారి.

"దించకుంటే నాయకుడు మునుగుతడు గదనే!" అన్నాడు ఆమె భర్త ఎల్లేశం. ఇదీ ఏడోసారే.

పాఠకులకు విషయం విన్నవించాలి. అవి తెలంగాణ కోసం ఆఫీసుల్లో పెన్నులు మూతపడ్డ రోజులు. చందుర్తి దగ్గరి మా రిజర్వాయరులో ఎండాకాలం మొదట కొర్రమట్ట చేపలు ఒడ్డు వెంట తుంగలో, జానెడు లోతు నీళ్లలో గుడ్లు పెడతాయి. పిల్లలై లోపలికి ఈదేదాకా నీటిమట్టం కదలకూడదు. అన్నాళ్లూ చేపలు పట్టేవాళ్లు అటువైపు కాలు కూడా పెట్టరు. వాళ్ల ఏడాది బతుకంతా ఆ తుంగలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే, మత్స్య సంఘం కార్యదర్శి హోదాలో ఎల్లేశం కోరుట్ల నాయకుడు విఠల్ గారి జలదీక్షకు ఏర్పాట్లు చేశాడు.

మెడలోతు నీళ్లలో దీక్ష అని కరపత్రం వేశారు. స్థలం రిజర్వాయరు కట్ట మెట్లలో మూడోది. అక్కడ విఠల్ గారిని నిలబెట్టి చూస్తే బుడగలు మాత్రమే కనిపించాయి. ఆయన ఎత్తు గురించి ఎవరూ మాట్లాడలేదు. నీళ్లే ఎక్కువున్నాయని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"ఒక మెట్టు మీదికెక్కి నిలబడుమను. అయిపాయె," అంది ఊర్మిల.

"ఎట్లెక్కుతడే? సిరిసిల్లల నేయించిన బ్యానరును సిమెంటు పోసి పాతినం. మెట్టెక్కితే సారు మొఖం బ్యానరు ఎనుకకు పోతది."

"మొఖం లేకుంటేంది, నోరుంటే సాలు గద ఆయనకు," అంది ఎల్లేశం తల్లి చిన్నవ్వ.

పొలాలకు నీళ్లు వదలమంటే సమ్మెలో ఉన్నానన్న తూము కాపలా లస్కరు, ఉద్యమ విధి అనగానే తూము తలుపు ఎత్తాడు. జానెడు దిగేసరికి విఠల్ గారి గడ్డం బయటపడింది. చప్పట్లు కొట్టారు. మెడ కోసం మరో బెత్తెడు దించారు.

"మన నీళ్లల్ల ఒక్క చుక్క గూడ కిందికి పోనియ్యం!" అని ఆయన నీళ్లలోంచి గర్జించారు. తూము హోరులో సగం మాటలు వినబడలేదు గాని, భావం అందరికీ అందింది.

మూడో రోజుకు గుడ్లు బురదలో పచ్చటి నూకల్లా ఎండిపోయాయి. నీళ్ల అంచున కొర్రమట్టలు ఇంకా కాపలా తిరుగుతున్నాయి. తీర్మానం వాటికి అందినట్టు లేదు.

ఊర్మిల నష్టపరిహారం అడగడానికి చేపల ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా సహాయ నిరాకరణలో ఉండి కూడా సాయం చేశాడు. రిజిస్టరు తెరవలేదు కాబట్టి ఈ ఏడు చేపలు గుడ్లు పెట్టనట్టే లెక్క. పెట్టని గుడ్లు ఎండవు. కనుక నష్టం లేదని ఓపికగా వివరించాడు.

దీక్ష విరమించి విఠల్ గారు మన చేపల కూరే కావాలన్నారు. మన చేప లేదు కాబట్టి కోస్తా నుంచి వచ్చిన ఐసు లారీలోది కొని వండారు. వడ్డించింది ఊర్మిలే. "మన నీళ్ల రుచే వేరమ్మా!" అంటూ ఆయన మూడుసార్లు వేయించుకున్నారు.

మర్నాడు పొద్దున అత్త, భర్త, ఇద్దరు పిల్లలు తింటుండగా ఊర్మిల నెమ్మదిగా చెప్పింది:

"రేపట్నుంచి జగిత్యాల మార్కెట్ల ఐసు డబ్బా పెడుతున్న. లారీవాళ్లతోని మాట్లాడిన. వలలు సుట్టి పైన పెట్టుండ్రి."

"కోస్తా చేప ఎవలు కొంటరే, గీ టైముల?" అన్నాడు ఎల్లేశం.

"మన చేప అని చెప్త. మనది అంటే సాలు, యాడ పుట్టిందని ఎవలడుగుతరు?"