గద్ద ముద్ర పడ్డ డయాటమ్

భూమ్మీదైనా నీళ్ళల్లోనైనా, తానెవరో రుజువు చేసుకోనిదే ఏ ప్రాణికీ బతికే హక్కు లేదు. ఇది నా మాట కాదు, సముద్రం ఒడ్డునున్న మా కుసైర్ ఊళ్ళో సముద్ర నివాసుల గుర్తింపు ఆఫీసువాళ్ళ మాట. (ఆఫీసు మేడమీద ఉంటుంది. నివాసులు మెట్లెలా ఎక్కుతారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.)

సంగతేంటంటే, మా రష్వాన్ మామకి అడుగున అద్దం బిగించిన పడవుంది. జనాన్ని ఎక్కించుకుని పగడాల దిబ్బ చూపించి బతుకుతాడు. ఆ దిబ్బ నెత్తిన రేవు కడతానని ఒక హోటలాయన బయల్దేరాడు. కడితే మామ అద్దంలో కనపడేది సిమెంటే. మామ ఆఫీసుకి పరిగెత్తాడు. అక్కడ ఇన్షిరాహ్ మేడమ్ చిక్కుడుగింజల రొట్టె నములుతూ రూలు చెప్పింది. ఇంకెక్కడా లేని నివాసి ఒక్కడు ఆ దిబ్బమీద తేలితే చాలు, రేవు ఆగిపోతుందట.

చేపలా? పక్కూళ్ళోనూ ఉన్నాయి. పీతలూ అంతే. అప్పుడు దిగాడు యూనివర్సిటీ నుంచి డాక్టర్ ఫిక్రీ. పగడాలకీ రాళ్ళకీ అంటుకుని డయాటమ్‌లు బతుకుతాయట. కంటికి ఆనవు. గాజు డబ్బీలో కాపురం పెట్టిన నాచు అనుకోండి. ఆయన నీళ్ళల్లోకి దిగి రాళ్ళన్నీ పళ్ళ బ్రష్షుతో తోమాడు. (బ్రష్షు మామది. మళ్ళీ అడగలేదు.)

గుర్తుపట్టే పద్ధతి మహా మర్యాదగా ఉంటుంది. ముందు యాసిడ్‌లో ఉడకబెడతారు. ఒంట్లో ఉన్నదంతా పోయి ఒట్టి గాజు మిగిలాక, దానిమీది గీతలు చూసి పేరు చెప్తారు.

"బతికుండగానే అడగొచ్చు కదా డాక్టరుగారూ?" అన్నాడు మామ.

"బతికున్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి హాజీ. పోయాకే ఎవరెవరో తెలిసేది."

మామకి ఈ మాటలో సర్కారు వాసనొచ్చింది, నమ్మకం కుదిరింది.

ఒకటి పడవలా ఉంది, ఒకటి బస్బూసా మిఠాయి ముక్కలా ఉంది. అన్నిటికీ పుస్తకంలో పేర్లున్నాయి. ఆఖర్న ఒకటి దొరికింది, గీతలు మెలితిరిగి. ఏ పుస్తకంలోనూ లేదు. తోమిందంతా వెతికినా రెండోది లేదు. మామ వీధి వీధికీ టీ పోయించాడు.

గాజు పలకమీద అతికించిన ఆ మహానుభావుణ్ణి ఆఫీసుకి మోసుకెళ్ళాం. డాక్టరు కాయితాలు ముందుకి తోశాడు. మా దేశంలో సర్కారువారి గద్ద ముద్ర పడందే పెళ్ళి పెళ్ళి కాదు, చావు చావు కాదు. మేడమ్ ముద్ర తీసింది, కాయితాలు పక్కకి నెట్టింది.

"నివాసి కాయితం కాదు కదా. ముద్ర నివాసిమీద పడాలి."

డాక్టరు నోరు తెరిచేలోగా వేసేసింది. పంటికింద పంచదార పలుకు నలిగినట్టు వినపడింది.

మేడమ్ వొంగి చూసింది. "చక్కగా పడింది," అంది.

ఇంకోణ్ణి తోముకొస్తానని మామ బతిమాలాడు.

"పోయినవాడి కార్డు ఇంకొకడికి ఇవ్వం హాజీ. రూలు," అంది మేడమ్. తర్వాత కాయితంమీద రాసింది: నివాసి గుర్తింపు పూర్తి. నివాసి కీర్తిశేషుడు. ఇల్లు ఖాళీ.

రేవు లేచింది. మామ ఇప్పుడు జనానికి అద్దంలోంచి స్తంభాలు చూపిస్తున్నాడు, ఇదెంత అరుదైన సిమెంటో చెప్తున్నాడు. ఇక నా గుర్తింపు కార్డు గడువు కూడా అయిపోవచ్చింది. ఫొటోలూ కాయితాలూ అన్నీ సిద్ధం చేసుకున్నాను. ముద్ర దేనిమీద వేస్తారో కనుక్కుని వెళ్దామని ఆగాను.