పైపుకి దిష్టి తగలదు

ఆ రోజు పొద్దున పీటర్స్‌బర్గ్‌లోని బస గదిలో రిమ్మా తన నీలం పట్టు గౌను ఇస్త్రీ చేసుకుంటూ, రాత్రి బాలే నృత్యానికి ఎన్నింటికి బయల్దేరాలో ఆలోచిస్తోంది. భర్త ఎఫీమ్ జావ గిన్నె ముందు కూర్చుని, అందులోంచి ఎలా తప్పించుకోవాలో ఆలోచిస్తున్నాడు.

పెళ్ళయి ముప్పై ఏళ్ళయిన సందర్భంగా కినేష్మ అనే ఊరి నుంచి వచ్చారు ఇద్దరూ. రిమ్మా రొట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. చిన్నప్పుడు కొత్త సంవత్సరం రోజుల్లో టీవీలో బాలే వస్తే తల్లి పక్కన కూర్చుని చూసేది. "ఒక్కసారి కళ్ళారా చూడాలే" అంటూనే ఆ తల్లి వెళ్ళిపోయింది. ఇద్దరి తరఫునా చూద్దామని రిమ్మా వచ్చింది. ఎఫీమ్ వోల్గా నది మీద తిరిగే టగ్ పడవలో మెకానిక్. వయసులో ఉన్నప్పుడు పడవల కార్ఖానా క్లబ్బులో జానపద నృత్య బృందానికి అతనే వన్నె. గొంతుక్కూర్చుని కాళ్ళు విసిరే ఆటలో ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, మోజు మిగిలింది.

"ఇక్కడికి రెండు వీధులవతల పాత మహల్లో జానపద నృత్యాలట," అన్నాడతను. "అకార్డియన్లు, బూట్లు, ఈలలు. మనిషన్నాక చూడాల్సింది అదీ."

"మీ క్లబ్బులో ఏళ్ళ తరబడి అవే చూశాను. నీ బూటు మడమ ఊడొచ్చి మా అమ్మ ఒళ్ళో పడింది కూడా."

"ఒక్కసారేగా."

"ఈ రాత్రి బాలే. ఇంక నోరెత్తకు."

"వాళ్ళూ ఎత్తరుగా. మూగవాళ్ళని చూడ్డానికి నా మెడకి టై కూడానా?"

రిమ్మా ఇస్త్రీపెట్టె పైకెత్తి చూసింది. ఎఫీమ్ జావ తాగాడు.

నిజానికి అతను నిన్ననే, రిమ్మా మ్యూజియం వరసలో నిలబడి ఉండగా, ఈ రాత్రి జరిగే ఆ నృత్యాలకి తనొక్కడికీ టిక్కెట్టు కొనేశాడు. మెట్ల దగ్గరికి వెళ్ళి కినేష్మలో ఉన్న స్నేహితుడు వేన్యాకి ఫోన్ చేశాడు. టగ్ మీద చుక్కాని పట్టేది వేన్యాయే. పథకం తేలికైనదే. బాలే మధ్య విరామంలో వేన్యా ఫోన్ చేయాలి. తమ పాత కెప్టెన్ ఇదే నగరంలో కాపురముంటున్నాడు కదా, ఆయన జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పాలి. ఎఫీమ్ ముఖం వేలాడేసుకుని ఒంటరిగా వెళ్ళాలి, తెర పడే వేళకి తిరిగి రావాలి.

"బతికున్న మనిషి మీద రోగం పెడతావా?" అన్నాడు వేన్యా భయంగా. "అన్న మాట ఊరికే పోదురా. ముందు ఎడమ భుజం మీంచి మూడుసార్లు ఉమ్మెయ్."

ఎఫీమ్ ఉమ్మాడు. వెనకాల మెట్లు తుడుస్తున్న ఆవిడ అతన్ని పశువుతో పోల్చింది. తిట్టు తిన్నాక దోషం పూర్తిగా పోయినట్టేనని అతను తృప్తిపడ్డాడు. వేన్యా మాత్రం "సరేలే, చూస్తాను" అని నసిగాడు.

రాత్రి థియేటర్లో మంచు బూట్లు విప్పి సంచిలో ఉన్న మంచి చెప్పులు వేసుకున్నారు. రెండు కోట్లూ ఒకే కొక్కేనికి తగిలించారు. ఫోన్లు కట్టేశారు. ఎఫీమ్ కుర్చీలో ఒదిగి, విరామం దాకా ఒక కునుకు తీయవచ్చనుకున్నాడు.

తెర లేచింది. కాసేపటికి ఒక యువకుడు వేదిక చివరినుంచి పరుగెత్తుకొచ్చి గాల్లోకి లేచాడు. ఎఫీమ్ పాత అలవాటు కొద్దీ చెవులు రిక్కించాడు. ఆ ఎత్తునుంచి మనిషి దిగితే ఎలాంటి చప్పుడొస్తుందో అతనికి తెలుసు. క్లబ్బులో తను దిగినప్పుడు చెక్కల సందుల్లోంచి దుమ్ము లేచేది, బఫేలో గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. యువకుడు దిగాడు. చప్పుడు లేదు. మంచు మీద మంచు పడ్డట్టు దిగి, నేలకి ఆ సంగతి తెలిసేలోపే మళ్ళీ లేచాడు.

ఎఫీమ్ ముందుకు వంగాడు. ఆ గెంతు మోకాళ్ళని ఎంత అడుగుతుందో, ఎన్నేళ్ళు అడుగుతుందో ఆ హాల్లో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనిపించింది. తర్వాత ఒక అమ్మాయి కాలివేళ్ళ కొసల మీద నిలబడి, చేతులు మెల్లగా విప్పి, అలాగే ఉండిపోయింది. ఆమె ఎప్పుడు దిగుతుందా అని అతను ఊపిరి బిగబట్టాడు. ఆమె దిగలేదు. అతనికే ఊపిరి ఆడలేదు.

దీపాలు వెలిగినా ఎఫీమ్ లేవలేదు. తన జేబులో ఇంకో టిక్కెట్టు ఉందని, ఫోన్ రావాల్సి ఉందని అతనికి గుర్తే లేదు. అతని ముఖం చూసి రిమ్మా చేపగుడ్లు రాసిన రొట్టెముక్కలు తెస్తానని బఫేకి వెళ్ళింది.

వేన్యా మాట తప్పే మనిషి కాదు. ఎఫీమ్ ఫోన్ పలకకపోయేసరికి రిమ్మాకి చేశాడు. ఆమె చెల్లెలికి థియేటర్ దీపాల ఫొటో పంపుదామని అప్పుడే ఫోన్ తెరిచింది. కెప్టెన్ మీద రోగం పెట్టడానికి వేన్యాకి రోజంతా నోరు రాలేదు. ఆలోచించి ఆలోచించి ప్రాణం లేనిదాన్ని ఒకదాన్ని ఎంచుకున్నాడు. పైపుకి దిష్టి తగలదు.

"వదినా, మీ ఇంట్లో పైపు పగిలిందట. ఎఫీమ్‌ని ఒక్కడినే బయటికి పంపు, చాలా మాట్లాడాలి."

రిమ్మా ఎవరినీ బయటికి పంపలేదు. కింది అంతస్తులో ఉండే క్లావా పిన్నికి ఫోన్ చేసింది. తన పైకప్పు పొడిగానే ఉందంది క్లావా పిన్ని, అయితే ఆ కప్పుకి ఏదైనా ఆలస్యంగానే తెలుస్తుందని కూడా అంది. యుద్ధానికి పిలుపు వచ్చినట్టు లేచింది ఆవిడ. నిమిషాల్లో నీళ్ళ మరమ్మతువాళ్ళని రప్పించి ఆ మెట్లవైపు ఇళ్ళన్నిటికీ నీళ్ళు కట్టించింది. నాలుగో అంతస్తాయన ఒంటినిండా సబ్బుతో మెట్ల మీదికి వచ్చాడు. రెండు తాళంచెవులూ రిమ్మా సంచిలోనే ఉన్నాయి కాబట్టి ఇక గునపమే గతి.

విరామం ముగుస్తోందని మొదటి గంట మోగుతుండగా రిమ్మా వచ్చి, రొట్టెముక్క భర్త చేతిలో పెట్టి, సంగతి చెప్పింది.

ఎఫీమ్‌కి ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. "అయ్యుండదు," అన్నాడు.

"ఏది?"

"పైపు. వేన్యా సంగతి నీకు తెలీదా, గోరంతలు కొండంతలు చేస్తాడు."

"క్లావా పిన్ని తలుపు పగలగొట్టిస్తోంది."

ఎఫీమ్ రొట్టెముక్క నమలడం ఆపాడు. నిజం చెబితే తలుపు దక్కుతుంది. కానీ పెళ్ళిరోజు రాత్రి, ఈ ఒక్క రాత్రి, భార్యని ఒంటరిగా వదిలి వెళ్ళాలనుకున్నానని చెప్పాలి. రెండో గంట మోగింది. ఇక ఆమె లేస్తుంది, తల్లి తరఫున కూడా చూడాల్సిన బాలే సగంలో వదిలి కోటు కోసం పరుగెత్తుతుంది, అదంతా తన వల్లే అనుకుని అతను నోరు తెరిచాడు.

"రిమ్మా, నేను నీకు..."

"మునిగితే మునగనీ," అంది రిమ్మా.

"ఏమిటి?"

"నీళ్ళేగా, ఎండిపోతాయి. కూర్చో."

గ్యాసు కట్టామో లేదోనని బస్సు దిగి వెనక్కి నడిచిన మనిషి ఆమె. ఎఫీమ్ నోరు మూయడం మర్చిపోయి ఆమె వంక చూశాడు. మూడో గంట మోగింది. దీపాలు ఆరిపోయాయి.

రెండో అంకంలో వెన్నెల అడవిలోంచి తెల్లటి వరసలు ఒక్కొక్కటే వచ్చాయి. అందరూ కలిసి ఒకే మనిషిలా చేయి ఎత్తారు. అన్ని పాదాలు కదిలినా వినిపించింది గాలి సవ్వడి ఒక్కటే. కినేష్మలో తన తలుపు ఊడుతున్న సంగతి ఎఫీమ్‌కి తెలుసు. తెలిసీ ఆ ఊడిన తలుపు ఎక్కడో వేరే లోకంలో, వేరెవరిదో అన్నట్టుంది. పక్కకి తిరిగితే రిమ్మా చెంపల మీద తడి మెరుస్తోంది. ఆమె ఒళ్ళో ఆమె తల్లి పాత శాలువా మడత పెట్టి ఉంది. అది తెచ్చిందని అతనికి అప్పటిదాకా తెలియదు. అతను చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వదిలించుకోలేదు, చూపు కూడా తిప్పలేదు.

చప్పట్లు అయ్యాక, కోట్ల వరసలో నిలబడి ఉండగా రిమ్మా ఫోన్ తెరిచింది. క్లావా పిన్ని గొంతు పక్కవాళ్ళకి కూడా వినబడింది.

"ఇల్లు ఎండు రొట్టెలా ఉందమ్మాయ్, తలుపే లేదు. గునపానికి తలుపు దాదాపు ఊడొచ్చాక మీ వేన్యా పరుగెత్తుకొచ్చి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. దొంగేమోనని ఆ సబ్బాయన పట్టుకున్నాడు. పట్టుకుంటే అంతా కక్కేశాడు. మీ ఆయన్ని అడుగు, ఆ జానపద నృత్యాలేమిటో."

రిమ్మా ఫోన్ సంచిలో పెట్టుకుంది. ఎఫీమ్ జేబులోంచి నలిగిన టిక్కెట్టు తీశాడు.

"మొదటి అంకం సగంలోనే నాకు వెళ్ళాలని లేకుండా పోయింది. ఒట్టు."

"తెలుసు. నోరు తెరుచుకుని కూర్చున్నావు. అది చూశాకే, ఇల్లు మునిగినా లేవకూడదనుకున్నాను."

ఆమె తన సంచిలోంచి రెండు టిక్కెట్లు తీసింది. అవే నృత్యాలు, రేపు మధ్యాహ్నం ఆట, ముందు వరస. వాళ్ళ రైలు రేపు సాయంత్రం కదా.

"రేపు పొద్దున చెబుదామనుకున్నాను. ఇప్పుడు తలుపు లేని ఇంటికి ఈ రాత్రి రైలుకే పోవాలి."

ఎఫీమ్ ఆ టిక్కెట్ల మీది వరస నంబరు రెండుసార్లు చదివాడు. రిమ్మా వాటిని కోట్లు అందిస్తున్న ముసలావిడ ముందు పెట్టింది.

"తీసుకోండమ్మా, మేం వెళ్ళలేం."

"జానపద నృత్యాలా?" అని ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "నాకు బాలే అంటేనే ఇష్టం. పోనీ ఇవ్వు, మా ఆయన గోల తగ్గుతుంది."

బసకి వెళ్ళి పెట్టె సర్దుకున్నారు. బయల్దేరే ముందు ఆచారం ప్రకారం ఇద్దరూ పెట్టె మీద ఒక్క క్షణం మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ క్షణం కాగానే ఎఫీమ్ మోకాళ్ళు కటకటమంటుండగా లేచాడు.

"ఆ కుర్రాడు గాల్లోంచి దిగినప్పుడు చప్పుడు విన్నావా?" అన్నాడు.

"లేదు."

"నేనూ వినలేదు."

కినేష్మలో వేన్యా ఆ రాత్రంతా తలుపు లేని గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. కెప్టెన్ మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.